చిన్నబాబు పేరున వచ్చిన కిట్

2025 జూలై 12, శనివారం

పదకొండు గంటలకు ట్రాన్స్‌పోర్ట్ ఆటో వచ్చింది. మూడు పెద్ద అట్టపెట్టెలు. పైన స్కెచ్ పెన్నుతో పేరు, మా ఊరు, వాకాడు మండలం, ఫోన్ నంబరు. పేరు చిన్నబాబుది. నంబరు కలవలేదని డ్రైవర్ విసుక్కున్నాడు. నేను వాడి అక్కని, వనజాక్షిని అని చెప్పి సంతకం పెట్టాను. ఆయన ఊళ్ళో లేడా అని అడిగాడు. లేడన్నాను.

చిన్నబాబు పోయి నాలుగు నెలలు. మార్చి తొమ్మిది, ఆదివారం. వాడికి ఇరవై ఏళ్ళు. నా భర్త ప్రవీణ్‌తో కారులో గూడూరు నుంచి వస్తున్నాడు. గేదె అడ్డం వచ్చింది. కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. నడిపింది ప్రవీణ్. ప్రవీణ్‌కు ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. చిన్నబాబు ఆసుపత్రి దాకా కూడా రాలేదు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

పెట్టెల్లో ఏముందో విప్పకుండానే తెలుసు. వైడ్ బాడీ కిట్. కారు నాలుగు చక్రాల మీదా బయటికి ఉబ్బినట్టు బిగించే ఫైబర్ ముక్కలు. ఫిబ్రవరిలో ఆర్డర్ పెట్టి, ఫోన్లో ఫోటో నా ముఖం మీదికి తోసి, "అక్కా, భుజాలు విరుచుకోని నిలబడినట్టు లేదా?" అన్నాడు. కప్పలా ఉందిరా అన్నాను.

జూలై 14

పెట్టెల గురించి ప్రవీణ్ అడగలేదు. నేను చెప్పలేదు. వరండాలో వాటిని తప్పుకుని నడుస్తున్నాం.

జూలై 20, ఆదివారం

ప్రవీణ్ ఈ రోజు కారు మీది టార్పాలిన్ లాగేశాడు.

కారు మా నాన్న షెడ్డులో ఉంది. నాన్న చెంచయ్య ఫైబర్ బోట్లకు ప్యాచ్‌లు వేసేవాడు. ఆయన పోయాక ఆ పని నాది. ఏప్రిల్‌లో పోలీసులు కారు వదిలిపెడితే క్రేన్ బండి తెచ్చి షెడ్డులో దింపింది. అప్పటి నుంచి నేను ఒడ్డు మీదే బోట్ల దగ్గర కూర్చుని పని చేస్తున్నాను. షెడ్డులో అడుగు పెట్టలేదు. ప్యాచ్‌కు వాడే రెజిన్ డబ్బా కావాలన్నా బోటు వాళ్ళనే వెళ్ళి తెచ్చుకోమంటున్నాను.

నీలం రంగు స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. ప్రవీణ్ చిల్లకూరు దగ్గర హైవే మీద బడేసాహెబ్ గారి గ్యారేజీలో టింకరింగ్ చేస్తాడు. ఇంజన్ పోయి అక్కడికి వచ్చిన కారును ఓనరు వద్దనుకుంటే ఈయన తెచ్చుకున్నాడు. రెండేళ్ళు తంటాలు పడి నడిపించాడు. పెళ్ళి ఫోటోలో కన్నా ఈ కారు పక్కన దిగిన ఫోటోలో బావ ఎక్కువ నవ్వాడని చిన్నబాబు ఏడిపించేవాడు.

వంటింటి కిటికీలోంచి చూశాను. కుడివైపు తలుపు లోపలికి పోయి ఉంది. వెనక చక్రం మీది రేకు నలిపి పారేసిన కాగితం. కిటికీ మూసేశాను.

జూలై 21

బిగిస్తాడట. వాడు తెప్పించుకున్నాడు కాబట్టి బిగిస్తాడట. నాతో చెప్పలేదు. ఫోన్లో బడేసాహెబ్ గారితో చెబుతుంటే విన్నాను.

బిగించి ఎవరికి చూపిస్తాడు?

జూలై 27

గ్రైండర్ చప్పుడు పక్క వీధిలో అమ్మ ఇంటి దాకా వినిపించింది. అమ్మ నన్ను పిలిపించింది. నా బిడ్డని మింగిన బండికి సోకులు చేస్తున్నాడా ఆ మనిషి అని అడిగింది.

ఆ మనిషి. ప్రవీణ్ అమ్మకు సొంత అన్న కొడుకు. ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోతే తెచ్చి పెంచుకుంది. చిన్నబాబు పుట్టినప్పుడు ఉయ్యాల ఊపింది ప్రవీణే. మార్చి తర్వాత అమ్మ నోట ఆ పేరు రాలేదు. మా గుమ్మం తొక్కలేదు. నువ్వు బట్టలు సర్దుకుని వచ్చెయ్యి అని ఇవాళ మళ్ళీ అంది. తలకు నూనె రాస్తానని కూర్చున్నాను. అమ్మ జుట్టు గుప్పెడైంది.

వచ్చేయాలనే ఉంది. వచ్చేయలేకపోతున్నాను. ప్రవీణ్‌కు అన్నం పెట్టి పక్క గదిలోకి పోతాను. ఆయన తిని, కంచం కడిగి బోర్లిస్తాడు. ఇదీ మా కాపురం.

ఆగస్టు 3

ఎడమవైపు ముక్కలు మాస్కింగ్ టేపుతో అతికించి చూశాడు. అతికినట్టు కూర్చున్నాయి. కుడివైపు కూర్చోలేదు. రేకు లోపలికి పోయినందువల్ల ముక్కకూ బాడీకీ మధ్య రెండు వేళ్ళు పట్టే సందు. గ్యారేజీ నుంచి పుల్లర్ తెచ్చి గొలుసు తగిలించి లాగుతున్నాడు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. ఒక చేత్తోనే లాగుతున్నాడు.

వెళ్ళి పట్టుకోవాలనిపించలేదు. నిజం రాయాలి కదా ఇక్కడైనా.

ఆగస్టు 10, ఆదివారం

కిట్ కూర్చోవాలంటే చక్రం మీది పాత రేకును చంద్రవంకలా కోసేయాలి. పొద్దున్నే మార్కర్‌తో గీత గీశాడు. నలిగిన చోటంతా ఆ గీత లోపలే ఉంది.

గ్రైండర్ ఆన్ చేయగానే నాకు ఏమైందో తెలియదు. చేతిలో చేపల కత్తితోనే పరుగెత్తాను. నాలుగు నెలల తర్వాత మొదటిసారి షెడ్డులోకి వెళ్ళాను. కొయ్యొద్దని అరిచాను. వాడు ఉన్నప్పటి చివరి క్షణం ఆ సొట్ట. దాన్ని కూడా తీసేస్తే ఇక ఆ ఆదివారం జరిగిన గుర్తు ఎక్కడుంది?

ప్రవీణ్ గ్రైండర్ ఆపి, కళ్ళద్దాలు తీసి నిలబడ్డాడు. "నువ్వు వద్దంటే ఇంతటితో ఆపేస్తా వనజా. పెట్టెలు పెట్టెలుగానే ఉంటాయి" అన్నాడు.

వరండాలో ఆ పెట్టెలు, వాటి మీద వాడి పేరు. రోజూ తప్పుకుని నడవడం.

కొయ్యి అన్నాను.

నిప్పురవ్వలు లేస్తుంటే అక్కడే నిలబడ్డాను. రేకు ముక్క కింద పడ్డాక చల్లారేదాకా ఆగి, తీసి నాన్న పనిముట్ల పెట్టెలో పెట్టాను. అంచు వేలు కోసింది. పసుపు పెట్టుకున్నాను.

ఆగస్టు 24

ప్రవీణ్‌కు రేకు పని తెలుసు. ఫైబర్ తెలియదు. లాగినా పోని ఆ రెండు వేళ్ళ సందును రెజిన్‌లో తడిపిన ఫైబర్ మ్యాట్‌తో పూడ్చాలని చూశాడు. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ ఎక్కువ పోశాడు. మగ్గులో రెజిన్ పొగలు కక్కింది. వేసిన ప్యాచ్ సాయంత్రానికి పగిలింది. మళ్ళీ వేశాడు. ఈసారి తక్కువ పోశాడు. జిగురుగా అలాగే ఉండిపోయింది.

కిటికీలోంచి చూస్తూ ఎంతసేపని ఉండను? ఇంకోసారి త్వరగా ఆరడానికి వేసే కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను ఒకే మగ్గులో నేరుగా కలపబోయాడు. అలా కలిపితే భగ్గుమంటుంది. నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. వెళ్ళి మగ్గు లాక్కున్నాను.

ముందు రెజిన్‌లో కోబాల్ట్ కలిపి, బాగా తిప్పి, ఆ తర్వాతే హార్డెనర్ అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఐదు నెలల్లో మేం మాట్లాడుకున్న పొడవైన మాట ఇదే అనుకుంటా.

ఆగస్టు 31

ఆదివారాలు ఇప్పుడు షెడ్డులోనే. నేను మ్యాట్ చింపి పరిచి, బ్రష్‌తో రెజిన్ తాపి, రోలర్ తిప్పి గాలి బుడగలు తీస్తాను. గట్టిపడ్డాక ఆయన గరుకు కాగితం పట్టిస్తాడు. మ్యాట్ ఇవ్వు. రోలర్ ఇవ్వు. అక్కడ పట్టుకో. వదులు. ఇంతే మాటలు.

ఫైబర్ దుమ్ముకు ఆయన చేతులు దద్దుర్లెక్కాయి. పౌడర్ రాసుకుని పని చేయాలని, చన్నీళ్ళతోనే కడగాలని చెప్పాలి. చెప్పలేదు. పౌడర్ డబ్బా షెడ్డులో పెట్టి వచ్చాను.

సెప్టెంబర్ 7

అమ్మకు తెలిసింది నేను కూడా ఆ పనిలో ఉన్నానని. నెత్తళ్ళ చేపల పులుసు చేసి పంపేది ఆదివారాలు. ఈ రోజు గిన్నె రాలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

రాయాలి. రెండుసార్లు పెన్ను పక్కన పెట్టాను. అయినా రాయాలి.

కారు ముందు చక్రం మీది కుడి ముక్క బిగించాడు. కొత్తగా తెచ్చిన వెడల్పు చక్రం దానికి రాసుకుంటుందేమో చూడాలి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకోమన్నాడు. మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. సరిచేసిన తలుపు మూసుకున్నాను. ఎడమకు తిప్పమన్నాడు, తిప్పాను. కుడికి తిప్పమన్నాడు, తిప్పాను. ఆయన చక్రం దగ్గర వంగి చూస్తున్నాడు.

మోచేతికి సీట్ బెల్టు తగిలింది. ఊరికే లాగాను. కుడి భుజం మీదుగా వచ్చింది. వదిలితే సర్రున లోపలికి పోయింది. కొత్తదానిలా ఉంది.

ప్రమాదం అయినప్పుడు అటుగా వచ్చిన లారీ వాళ్ళు ప్రవీణ్ బెల్టు కోసి, ఇద్దర్నీ బయటికి లాగి, పోలీసులు రాకముందే వెళ్ళిపోయారు. ఆసుపత్రిలో ఆయనే చెప్పాడు. పోలీసులకూ చెప్పాడు. బెల్టు పెట్టుకున్నాడు కాబట్టి బతికాడని, పెట్టుకోలేదు కాబట్టి వీడు పోయాడని ఊరంతా అనుకుంది.

పక్క సీటు వైపు చూశాను. ఎడమ బెల్టు. సగంలో కోసి వేలాడుతోంది.

రెండు నెలలు నేనే మందు రాశాను ఆయన ఎడమ భుజానికి. ఎడమ భుజం నుంచి కుడి నడుం దాకా నల్లగా కమిలిన చార. డ్రైవర్ బెల్టు ఆ భుజం మీదికి రాదు. రానే రాదు.

దిగి, కారు ఎవరు నడిపారని అడిగాను. ఎన్నిసార్లు చెప్పాలి, నేనే అన్నాడు. "అయితే ఈ బెల్టు యాడ కోసినారు?" అన్నాను.

స్పానర్ కింద పెట్టి, చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అలా కూర్చునే చెప్పాడు. కోట క్రాస్ దాటాక రోడ్డు ఖాళీగా ఉందట. వాడు అడిగాడట. ఇచ్చాడట. నాలుగు కిలోమీటర్లు బాగానే నడిపాడట. పాట పెట్టుకున్నారట. గేదె వస్తే స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేశాడట.

"పోలీసాయన ఎవురు నడిపిందని అడిగితే నా నోట్లో నుంచి నేనే అని వచ్చేసింది. లైసెన్సు లేని పిలకాయ. వాడే తోలి వాడే పోయినాడని అత్తకి నేను యెట్టా చెప్పేది? నన్ను తిట్టుకుంటా అన్నా నాలుగు రోజులు లేచి తిరుగుతాది. వాణ్ణి తిట్టుకోలేదు గదా."

తాళం ఎందుకు ఇచ్చావని అడిగాను. లేచి, చక్రం ఎక్కడా రాసుకోవడం లేదని చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

సెప్టెంబర్ 22

తాళం ఎందుకు ఇచ్చాడో గుర్తొచ్చింది.

ఆ ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటున్నారు ఇద్దరూ. చిన్నబాబు, ఈ రోజన్నా ఇస్తావా బావా అన్నాడు. లైసెన్సు రానీరా అన్నాడు బావ. నేను చట్నీ వేస్తూ నవ్వాను. "ఒక్కసారి పిలకాయకి ఇస్తే అరిగిపోతాదా నీ కారు? నా మీద కూడా పెట్టలేదు ఇంత కాపలా" అన్నాను. చిన్నబాబు బల్ల చరిచాడు. అక్క చెప్పింది, అక్క చెప్పింది అని.

ఆరు నెలలుగా ఆయన ఈ మాట ఎత్తలేదు. నేను అన్నం పెట్టి పక్క గదిలోకి పోయినప్పుడు ఎత్తలేదు. కొయ్యొద్దని కత్తి పట్టుకుని అరిచినప్పుడు ఎత్తలేదు. నిన్న నేనే అడిగినా ఎత్తలేదు.

మర్చిపోయాడేమో.

సెప్టెంబర్ 23

అడిగాను. గుర్తుందన్నాడు.

అక్టోబర్ 5

నిన్న రాత్రి అన్నం ఇద్దరం కలిసి తిన్నాం. ఇద్దరి కంచాల్లోనూ సగం మిగిలింది.

ప్రవీణ్ మీద పెట్టిన ప్రమాదం కేసుకు గూడూరు కోర్టులో వాయిదా నవంబర్ 18న. నేరం ఒప్పుకుంటానని లాయర్‌తో ముందే చెప్పేశాడట. జైలు పడవచ్చని లాయర్ అన్నాడట. పడనీ అంటాడు బావ. చెయ్యని పనికి జైలేంటని గొడవ పెట్టుకున్నాను. చెయ్యకపోవడం ఏంటి, నా కారు, నా తాళం, నేను పక్కనే ఉన్నాను, ఎవరు తిప్పితే ఏంటి అంటాడు. నేను ఇవ్వమన్నానుగా, అయితే నేనూ వస్తాను జైలుకు అన్నాను. నోరు మూసుకోమన్నాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో నన్ను ఆ మాట అనలేదు.

తర్వాత ఇద్దరం షెడ్డులోకి వెళ్ళి వెనక ముక్కకు లప్పం పెట్టాం.

అక్టోబర్ 19

వానలు. రెజిన్ ఆరడం లేదు. రెండు రోజులు వేలితో తాకి చూసి, గీకి పారేశాను.

అక్టోబర్ 27

తుఫాను అంటున్నారు. బోట్లన్నీ ఒడ్డెక్కించారు. ఊరివాళ్ళను స్కూల్లోకి పొమ్మన్నారు. అమ్మ ముందే వెళ్ళి కూర్చుంది. మేం వెళ్ళేసరికి బావను చూసి చాప తీసుకుని ఇంకో గదిలోకి పోయింది. అందరి ముందూ. మా వీధి కామాక్షయ్య మామ, వాడు నీ అన్న బిడ్డే కదమ్మా అంటే, నాకు అన్న లేడు, అన్న బిడ్డ లేడు అంది.

బావ తలుపు దగ్గర నిలబడి వాన చూస్తున్నాడు. వీపు వంగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి.

ఇక నా వల్ల కాదు.

నవంబర్ 2, ఆదివారం

చెప్పేశాను.

వారం తర్వాత ఎండ వచ్చింది. అమ్మ వాకిట్లో పట్టా పరిచి నెత్తళ్ళు ఆరబోస్తోంది. పక్కన కూర్చుని నేనూ పరుస్తూ చెప్పాను. బెల్టు సంగతి, భుజం సంగతి, ఎవరు నడిపారో, ఆయన ఎందుకు తన మీద వేసుకున్నాడో.

అమ్మ చేతులు ఆగలేదు. అన్నీ విని, "చచ్చినోడు లేచొచ్చి కాదని చెప్పలేడని, వాడి మీదకి తోస్తుండారా మొగుడూ పెళ్ళాం?" అంది. నిదానంగా. అరిచి ఉంటే బాగుండేది.

అప్పుడు రెండోది చెప్పాను. "అమ్మా, బావ ఇయ్యనన్నాడు. ఇయ్యమన్నది నేను."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వా?"

"నేనేమ్మా."

చేతిలోని చేపలు పట్టా మీద పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని లేచింది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కాకులు వచ్చాయి. సాయంత్రం దాకా కాకుల్ని తోలుతూ అక్కడే కూర్చున్నాను. తలుపు తెరవలేదు. నెత్తళ్ళు గంపకెత్తి, గుమ్మంలో పెట్టి వచ్చాను.

నవంబర్ 3

బావకు కోపం వచ్చింది. ఆరు నెలలు నేనున్నట్టే ఇప్పుడు ఆయన ఉన్నాడు. అన్నం తిని, కంచం కడిగి, పక్క గదిలోకి.

నవంబర్ 9

అమ్మ తలుపు తీయడం లేదు. వెనక వాకిలి గుండా బయటికి వెళ్ళి వస్తోందని పక్కింటి సుభాషిణి చెప్పింది. తింటోందట. అది చాలు.

నవంబర్ 15

కిట్ పూర్తయింది.

చివరి ముక్క వెనక కుడివైపుది. బావ గ్యారేజీకి సెలవు పెట్టాడు. నేను లోపలి నుంచి పట్టుకున్నాను, ఆయన బయటి నుంచి బోల్టులు బిగించాడు. పద్నాలుగు బోల్టులు. మధ్యలో ఒకసారి ఫైబర్ గోడకు అటూ ఇటూ మా అరచేతులు ఒకే చోట ఆనాయి. ఎదురుగా వెలుతురు ఉంటే పలచటి ఫైబర్‌లోంచి చెయ్యి నీడ కనిపిస్తుంది. ఇద్దరం కాసేపు తీయలేదు.

రంగు వేయలేదు. నీలం కారుకు తెల్లటి ముక్కలు. కట్టు కట్టినట్టుంది. బడేసాహెబ్ గారు వచ్చి చూశారు. చుట్టూ తిరిగి, కుడివైపు అతుకు మీద వేలితో రాసి చూసి, ఈ ఫైబర్ పని ఎవరిదని అడిగారు. వనజది అన్నాడు బావ. పన్నెండు రోజుల తర్వాత నా పేరు పలికాడు.

ఆయన వెళ్ళాక బావ కారుకు ఎదురుగా బకెట్ బోర్లించి కూర్చుని ఏడ్చాడు. ప్రమాదం అయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. ఎవరి ముందు ఏడుస్తాడు? చంపినవాడు కదా ఊరి లెక్కలో. నేను తల పట్టుకుని పొట్టకు ఆనించుకున్నాను. జుట్టు నిండా ఫైబర్ దుమ్ము.

నవంబర్ 18

కోర్టు. ఎనిమిది గంటల బస్సుకు ఇద్దరం వెళ్ళాం. దారిలో ఆ కల్వర్టు వస్తుంది. కొత్తగా సిమెంటు పూశారు. ఇద్దరం చూశాం.

పేరు పిలిచేసరికి మధ్యాహ్నం రెండైంది. నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. బావ ఒకసారి వెనక్కి నా వైపు చూశాడు. "బండి తోలింది నేను కాదు సార్. లైసెన్సు లేనోడికి తాళం ఇచ్చింది నేను. దానికి ఏం శిక్ష వేసినా సరే" అన్నాడు.

లాయర్ తల పట్టుకున్నాడు. బయటికి వచ్చాక, ఇప్పుడు మాట మారిస్తే కేసు ఇంకా చిక్కుపడుతుందని, మొదట అబద్ధం చెప్పినందుకు వేరే తంటా అని చెడామడా తిట్టాడు. జనవరికి వాయిదా వేశారు.

బస్టాండులో టీ తాగుతూ, ఎందుకు మార్చావని అడిగాను. అత్తకు తెలిసిపోయాక ఇంక ఎవరి కోసం అన్నాడు. గ్లాసు కింద పెట్టి, అబద్ధం మోయడం కన్నా వాడి తప్పు వాడిది, నా తప్పు నాది అని చెప్పుకుంటేనే వాడు నాకు మళ్ళీ కనిపిస్తున్నాడు అన్నాడు. ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే స్టీరింగ్ దగ్గర తానే కనిపించేవాడట. వాడి ముఖం గుర్తొచ్చేది కాదట.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున ఏడుంబావుకు అమ్మ వచ్చింది. షెడ్డులోకి వెళ్ళి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, కుడివైపు తలుపు తెరుచుకుని కూర్చుంది. కాళ్ళు అందలేదు. బావ మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కింద చెయ్యి పెట్టి, మెల్లగా ముందుకు జరిపాడు. అమ్మ వద్దనలేదు.

"ఇందులో బ్రేకు యాదిరా?" అంది.

బావ చూపించాడు. అమ్మ చెప్పు విడిచి, కాలు దాని మీద పెట్టి, గట్టిగా తొక్కి పట్టుకుంది. చాలాసేపు తీయలేదు.